ఆకాశానికీ లోతుంది

విశాఖపట్నం రేవులోకి ఓడను నడిపించుకు వచ్చే పైలట్లు వాడే సముద్ర పటాన్ని ఎప్పుడైనా చూశారా? నీటి భాగమంతా చిన్న చిన్న అంకెలతో నిండి ఉంటుంది. ఏ అంకె ఉన్నచోట నీటి లోతు అంత అన్నమాట. ఆ అంకెలు చెరిపేస్తే మిగిలేది వట్టి నీలిరంగు కాగితం. దానిని నమ్ముకుని వచ్చిన ఓడ రేవు చేరకముందే అడుగు తగిలి ఆగిపోతుంది.

వేసవి రాత్రి డాబా మీద పడుకుని మనం చూసే ఆకాశం కూడా అంకెలు చెరిపేసిన పటం లాంటిదే. నక్షత్రాలన్నీ ఒకే నల్లటి గుడ్డ మీద కుట్టిన జరీ చుక్కల్లా కనిపిస్తాయి. ఏది దగ్గర, ఏది దూరం అన్నది కంటికి తెలియదు. పాతికేళ్ల క్రితం తన నక్షత్రాన్ని విడిచిన కాంతి, పదిహేను వందల ఏళ్ల క్రితం బయలుదేరిన కాంతి పక్కపక్కనే వచ్చి మన కంట్లో పడతాయి. చెరిగిపోయిన ఆ లోతు అంకెలను మళ్లీ నింపడానికి మానవుడు రెండు వందల ఏళ్లుగా శ్రమిస్తున్నాడు. ఇప్పుడు ఆ అంకెలన్నిటినీ తీసుకుని, ఆకాశాన్ని మూడు కొలతలలో మన ముందు నిలిపే కంప్యూటర్ సాధనాలు వచ్చాయి. వాటిలో చాలా వరకు ఉచితం. ఒక ముస్లిం కుటుంబానికి ఇవి వినోదానికే కాదు, దీన్‌కు సంబంధించిన కొన్ని విషయాలను సవ్యంగా అర్థం చేసుకోవడానికి కూడా పనికివస్తాయి.

విశాఖ చేసిన కృషి

ఈ కథలో మన ఊరికి కూడా ఒక స్థానం ఉండడం విశేషం. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ వద్ద ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840 ప్రాంతంలో విశాఖపట్నంలోని డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో ఒక వేధశాలను నెలకొల్పారు. 1856లో ఆయన మరణించాక ఆ బాధ్యతను అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు స్వీకరించారు. 1871లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యునిగా చేర్చుకున్నది.

1874 డిసెంబర్ 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా ఒక నల్లచుక్కలా దాటింది. ప్రపంచం నలుమూలలా శాస్త్రజ్ఞులు ఆ దృశ్యం కోసం కాచుకుని కూర్చున్నారు. విశాఖలో నర్సింగరావు కూడా టెలిస్కోపుతో దానిని పరిశీలించారు. ఆ వివరాలు రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి.

ఒక చుక్క సూర్యుని మీదుగా పోతే అంత హడావుడి దేనికి? కారణం లోతు. ఒక వేలును ముఖానికి ఎదురుగా పెట్టుకుని, ముందు ఎడమ కన్ను, తరువాత కుడి కన్ను మూసి చూడండి. వేలు పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. వేలు దగ్గరగా ఉంటే ఎక్కువగా, దూరంగా ఉంటే తక్కువగా జరుగుతుంది. దీనినే దృష్టిభేదం అంటారు. భూమి మీద ఎంతో దూరాన ఉన్న రెండు ఊళ్లు రెండు కళ్లలాంటివి. ఒక ఊరి నుంచి శుక్రుడు సూర్యబింబం మీద ఒక దారిన, మరో ఊరి నుంచి కొద్దిగా పక్కదారిన పోతున్నట్టు కనిపిస్తుంది. ఆ తేడాను కొలిస్తే సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడో లెక్క వస్తుంది. ఇప్పుడు మనకు తెలిసిన ఆ దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. ఆకాశానికి లోతు కట్టే మహాకార్యంలో ఆ విధంగా విశాఖపట్నం కూడా ఒక కన్ను అయింది.

నవాబుగారి గాజు పలకలు

మరో అధ్యాయం హైదరాబాదుది. ఆసఫ్‌జాహీ రాజ్యంలో ఉన్నత కుటుంబీకుడైన నవాబ్ జఫర్ జంగ్ బహదూర్ 15 అంగుళాల పెద్ద టెలిస్కోపును తెప్పించి, 1901లో హైదరాబాదులోని ఫిసల్‌బండలో వేధశాలకు పునాది వేశారు. దానికి నిజామియా అని పేరు పెట్టడానికి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ అనుమతి పొందారు. తన తరువాత ప్రభుత్వమే దానిని నడపాలని కోరుకున్నారు. ఆయన 1907లో కన్నుమూయగా 1908లో ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకున్నది. తరువాత అది బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరింది.

అప్పట్లో ప్రపంచ దేశాలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఫోటోలు తీసి, నక్షత్రాల జాబితా తయారు చేస్తున్నాయి. చిలీ దేశపు వేధశాల పూర్తి చేయలేకపోయిన దక్షిణాకాశపు పట్టీ, అంటే 17 నుంచి 23 డిగ్రీల వరకు, నిజామియాకు అప్పగించారు. అది పూర్తి చేశాక జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాల వదిలివేసిన ఉత్తరాకాశపు పట్టీలో 36 నుంచి 39 డిగ్రీల భాగాన్ని కూడా హైదరాబాదే చేపట్టింది. గాజు పలకల మీద ఫోటోలు తీసి, ఒక్కొక్క చుక్కను కొలిచి, ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను సంపుటాలుగా అచ్చువేశారు. కంప్యూటర్లు లేని రోజుల్లో ఎందరో గుమాస్తాలు కళ్లు కాయలు కాచేలా చేసిన పని అది. 1944 నుంచి 1960 వరకు డైరెక్టరుగా ఉన్న డాక్టర్ అక్బర్ అలీ, 48 అంగుళాల టెలిస్కోపు తెప్పించే ప్రయత్నం చేశారు. ఆయన చొరవ ఫలితమే రంగాపూర్ వేధశాల.

గాజు పలక మీద దొరికేది పొడవు, వెడల్పు మాత్రమే. లోతు దొరకదు. అయినా ఆ శ్రమ వృథా కాలేదు. 1989లో ప్రయోగించిన ఐరోపా ఉపగ్రహం హిప్పార్కస్ కొలిచిన స్థానాలను, హైదరాబాదుతో సహా ప్రపంచ వేధశాలలు దాదాపు నూరేళ్ల క్రితం కొలిచిన స్థానాలతో పోల్చి, నక్షత్రాలు ఏ దిక్కుకు ఎంత కదిలాయో లెక్కించారు. అలా 2000లో వెలువడిన టైకో-2 అనే జాబితాలో 25 లక్షల నక్షత్రాలున్నాయి. నవాబుగారు నాటిన విత్తనానికి నూరేళ్ల తరువాత కాసిన కాయ అది. సదఖయె జారియా అంటే ఏమిటో పిల్లలకు చెప్పేటప్పుడు బావులు, మస్జిదులతో పాటు ఈ వేధశాలను కూడా ఉదాహరణగా చెప్పవచ్చు.

పట్టిక నుంచి బొమ్మకు

హిప్పార్కస్ తరువాత గయా అనే ఐరోపా ఉపగ్రహం వచ్చింది. 2013 డిసెంబర్ 19న బయలుదేరి, 2025 జనవరిలో పరిశీలనలు ముగించింది. అదే ఏడాది మార్చిలో దానిని నిలిపివేశారు. 2022 జూన్‌లో విడుదలైన దాని జాబితాలో సుమారు 180 కోట్ల చుక్కలున్నాయి. వాటిలో 146 కోట్లకు పైగా చుక్కలకు దృష్టిభేదం కూడా కొలిచారు. ఇక్కడ రెండు కళ్లు రెండు ఊళ్లు కావు. సూర్యుని చుట్టూ తిరిగే దారిలో భూమి ఆరు నెలల తేడాతో ఉండే రెండు చోట్లు. అంత పెద్ద ఎడం తీసుకున్నా, వంద కాంతి సంవత్సరాల దూరాన ఉన్న నక్షత్రం జరిగేది డిగ్రీలో యాభై వేలో వంతు కూడా కాదు.

ఇన్ని కోట్ల వరుసలున్న పట్టికను మనిషి చదివి అర్థం చేసుకోగలడా? అసాధ్యం. అందుకే దానిని బొమ్మగా మార్చే సాఫ్ట్‌వేర్ కావలసి వచ్చింది. అది చేసే పని సూత్రప్రాయంగా తేలికే. ప్రతి నక్షత్రానికి పట్టికలో మూడు అంకెలుంటాయి: తూర్పు పడమరల కొలత, ఉత్తర దక్షిణాల కొలత, దృష్టిభేదం. దృష్టిభేదం ఎంత చిన్నదైతే దూరం అంత ఎక్కువ. డిగ్రీని 3,600 భాగాలు చేస్తే వచ్చే ఒక సెకను దృష్టిభేదం ఉంటే దూరం 3.26 కాంతి సంవత్సరాలు. అందులో పదోవంతు ఉంటే 32.6 కాంతి సంవత్సరాలు. ఈ మూడింటి నుంచి కంప్యూటర్ పొడవు, వెడల్పు, ఎత్తు లెక్కగట్టి, సూర్యుడిని మధ్యలో పెట్టి, ఆ నక్షత్రాన్ని దాని చోట నిలుపుతుంది. ఇక మనం ఎక్కడ నిలబడి చూడాలంటే అక్కడ నుంచి చూపిస్తుంది.

ఉక్కునగరంలో ఉండే వారికి ఇది కొత్త కాదు. ప్లాను ఒక కాగితం మీద, ఎలివేషన్ మరో కాగితం మీద చూసి యంత్రాన్ని మనసులో నిలబెట్టుకున్న తరం వారు. తరువాత కంప్యూటర్ తెర మీద అదే యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూడడం వచ్చింది. ఇక్కడ యంత్రానికి బదులు ఆకాశం, అంతే తేడా. చిక్కల్లా సంఖ్యతోనే. కోట్ల చుక్కలను ఒకేసారి గీయమంటే ఎంత పెద్ద కంప్యూటర్ అయినా మొరాయిస్తుంది. అందుకని ఆకాశాన్ని పెట్టెలుగా, ఆ పెట్టెలను మళ్లీ చిన్న పెట్టెలుగా విభజించి, మనం చూస్తున్న వైపు పెట్టెలను మాత్రమే తెరుస్తుంది. కిరాణా కొట్టువాడు అడిగిన సరుకు డబ్బా మాత్రమే దించినట్టు.

ఫ్రాన్సుకు చెందిన ఫాబియాన్ షెరో 2000 ప్రాంతంలో మొదలుపెట్టిన స్టెల్లేరియం మన ఊరి ఆకాశాన్ని ఏ రోజు, ఏ గంటకైనా చూపిస్తుంది. 2001లో వచ్చిన సెలెస్టియా మనల్ని భూమి నుంచి లేపి నక్షత్రాల మధ్యకు తీసుకుపోతుంది. జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో తయారైన గయా స్కై, పైన చెప్పిన ఉపగ్రహపు జాబితాను త్రీడీలో చూపడానికే పుట్టింది. మన దేశంలో పుణెలోని ఐయూకా, పర్సిస్టెంట్ సిస్టమ్స్ సంస్థ కలిసి వీవోప్లాట్ అనే సాధనాన్ని తయారు చేశాయి. భారతదేశపు కృషి కూడా ఇందులో ఉందని పిల్లలకు తెలియడం మంచిది.

సురయ్యా, దబరాన్

ఒక ఉదాహరణ చూద్దాం. చలికాలంలో తూర్పున గుంపుగా మిణుకుమిణుకుమనే కృత్తికలను మన ఇళ్లలో దాదీమాలు సురయ్యా అంటారు. ఎందరో ఆడపిల్లలకు ఆ పేరు ఉంది. దాని వెనుకే ఎర్రగా వచ్చే రోహిణి నక్షత్రాన్ని అరబ్బులు అల్ దబరాన్, అంటే వెంబడించేది అన్నారు. ఐరోపావారి అల్డెబరాన్ అదే. దబరాన్ చుట్టూ మరికొన్ని చుక్కలు కలిసి ఒక మూలమట్టంలా కనిపిస్తాయి. చూసినవారెవరైనా అవన్నీ ఒకే కుటుంబం అనుకుంటారు.

సెలెస్టియాలో ఆ గుంపును పక్కకు తిప్పి చూడండి. దబరాన్ ఉన్నది సుమారు 65 కాంతి సంవత్సరాల దూరంలో. దాని చుట్టూ ఉన్న చుక్కలు సుమారు 150 కాంతి సంవత్సరాల దూరంలో. సురయ్యా సుమారు 440 కాంతి సంవత్సరాల దూరంలో. వెంబడించేది అనుకున్నది నిజానికి అందరికంటే ముందు, మన దగ్గరగా నిలబడి ఉంది. కుటుంబం అనుకున్న గుంపులో అది అసలు సభ్యురాలే కాదు.

అల్ నస్ర్ అల్ వాఖి నుంచి వచ్చిన వేగా, అల్ నస్ర్ అల్ తాయిర్ నుంచి వచ్చిన ఆల్టెయిర్, తోక అనే అర్థం గల జనబ్ నుంచి వచ్చిన డెనెబ్ కూడా అంతే. మొదటి రెండూ మన అభిజిత్, శ్రవణం. కంటికి ఈ మూడూ చక్కని త్రిభుజం. కాని అభిజిత్ 25, శ్రవణం 17 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, డెనెబ్ వెయ్యి కాంతి సంవత్సరాలకు మించిన దూరంలో ఉంది. తెర మీద పక్కకు తిప్పగానే త్రిభుజం సాగి సాగి సూదిలా మారిపోతుంది. ఎదురుగా చూసినదే సత్యం అనుకోరాదన్న పాఠం పిల్లలకు ఇంతకంటే తేలికగా చెప్పడం కష్టం.

పూర్వికుల రెండు బొమ్మలు

ఈ ఆలోచన మనకు పరాయిది కాదు. ఇస్ఫహాన్‌కు చెందిన అబ్దుర్రహ్మాన్ అల్ సూఫీ 964 ప్రాంతంలో స్థిర నక్షత్రాల గురించి రాసిన గ్రంథంలో ప్రతి నక్షత్ర మండలానికి రెండు బొమ్మలు గీశాడు. ఒకటి నేల మీద నిలబడి పైకి చూస్తే కనిపించేది. రెండవది ఆకాశగోళం వెలుపల నిలబడి చూస్తే కనిపించేది. చూసే చోటు మారితే బొమ్మ మారుతుందని వెయ్యేళ్ల క్రితమే పాఠకుని ముందు పెట్టాడు. ఆండ్రోమెడా గెలాక్సీని చిన్న మేఘంలా ఉన్నదని రాసినవాడు కూడా ఆయనే. సమర్కందులో ఉలుగ్ బేగ్ 1437లో వెయ్యికి పైగా నక్షత్రాల జాబితా తయారు చేయించాడు. మొగలుల కాలంలో లాహోరులోని ఉస్తాద్ అల్లాహ్‌దాద్ వంశంవారు అతుకులేని ఇత్తడి ఆకాశగోళాలను పోతపోశారు. గోళాన్ని చదును బిళ్లగా మార్చిన ఉస్తుర్లాబ్ యంత్రం ముస్లిం లోకమంతటా ఉండేది. పదవ శతాబ్దంలో హలబ్ పాలకుడు సైఫుద్దౌలా వద్ద అల్ ఇజ్లియా అనే మహిళ ఆ యంత్రాలు తయారు చేసినట్టు ఇబ్న్ నదీమ్ నమోదు చేశాడు. ఆడపిల్లకు ఈ చదువు దేనికి అనేవారికి ఆ ఒక్క పేరు చాలు.

దర్సె నిజామీలో చదువుకున్న పాతతరం వారికి తష్రీహుల్ అఫ్లాక్, షర్హె చగ్మీనీ పేర్లు తెలియనివి కావు. ఆ ఇల్మె హైఅత్ పాఠాలన్నీ గోళాల గురించే. బొమ్మ లేక, నమూనా లేక, ఉస్తాదు చేతిలోని నారింజపండును చూసి ఊహించుకోవలసి వచ్చేది. చాలామందికి అది అర్థం కాలేదు, కంఠస్థం మాత్రమే అయింది. క్రమంగా అనేక మదర్సాలలో ఆ పాఠాలే పోయాయి. ఒక్క కంప్యూటర్, ఒక ఉచిత సాధనం ఉంటే ఆ విద్యను నేటి లెక్కలతో తిరిగి బ్రతికించుకోవచ్చు. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. జాతకం చూడడానికి, అదృష్టం చెప్పడానికి నక్షత్రాలను వాడడం ఇస్లాంలో నిషిద్ధం. దిక్కు, వేళ, నెల తెలుసుకోవడానికి వాడడం వేరు. ఈ రెండింటినీ కలిపివేసి ఆకాశం వైపే చూడకపోవడం మనకు మనం చేసుకున్న నష్టం.

ఖిబ్లా ఎటు?

గోడకు తగిలించిన ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి విశాఖ నుంచి మక్కాకు గీత గీయండి. పడమరకు సుమారు అయిదు డిగ్రీలు మాత్రమే ఉత్తరంగా వస్తుంది. కాని భూమి కాగితం కాదు, గోళం. గోళం మీద అతి దగ్గర దారిని లెక్కిస్తే విశాఖ నుంచి ఖిబ్లా పడమరకు సుమారు పన్నెండున్నర డిగ్రీలు ఉత్తరంగా వస్తుంది. చదును పటానికీ, నిజమైన గోళానికీ తేడా ఏడు డిగ్రీలకు పైనే. గ్లోబు మీద దారం బిగించి చూపితే అయిదో తరగతి పిల్లవానికి కూడా అర్థమవుతుంది. త్రీడీ సాధనాలు చేసేది ఆ దారం పనే.

దీనికి మరో సులువైన పరీక్ష ఉంది. ఏటా మే 27, 28 తేదీలలోను, జూలై 15, 16 తేదీలలోను సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తిన ఉంటాడు. మన గడియారం ప్రకారం మేలో మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జూలైలో 2 గంటల 57 నిమిషాలకు. ఆ క్షణాన విశాఖలో ఎండలో ఒక కర్ర నిటారుగా పాతితే, దాని నీడకు ఎదురు దిక్కు ఖిబ్లా. జూలైలో మబ్బులు అడ్డు రావచ్చు, మేలో ఎండకు కొదవ లేదు. ముందు స్టెల్లేరియంలో ఆ తేదీ పెట్టి సూర్యుని దిక్కు చూసి, తరువాత మిద్దె మీద నీడను కొలిచే పిల్లవాడు సాధనాన్నీ నేర్చుకుంటాడు, దానిని పరీక్షించడమూ నేర్చుకుంటాడు.

అయితే ఇది చదివి ఎవరూ తమ మస్జిదు మిహ్రాబు వంకరగా ఉందని గొడవకు దిగరాదు. దూరదేశాలవారికి ఖిబ్లా వైపు ముఖం ఉంటే చాలుననీ, కొద్దిపాటి తేడా నమాజుకు భంగం కాదనీ హనఫీ ఫుఖహా స్పష్టం చేశారు. కొత్తగా కట్టే మస్జిదుకు సరిగ్గా కొలుచుకోవడం వివేకం. పాత మస్జిదులో చీలిక తేవడం అవివేకం.

నెలవంక, పడమటి కొండలు

ఏటా మన ఇళ్లలో ఎక్కువ అశాంతి తెచ్చే విషయం హిలాల్. అక్కడ ఈద్ అయింది, ఇక్కడ ఎందుకు కాలేదు అని ప్రతి రమజాన్ చివర ఫోన్లు మోగుతాయి. త్రీడీ బొమ్మ ముందు పెట్టుకుంటే సగం సందేహం తీరుతుంది. మక్కాలో సూర్యాస్తమయం విశాఖ కంటే సుమారు మూడు గంటలు ఆలస్యం. ఆ మూడు గంటలలో చంద్రుడు సూర్యుని నుంచి మరో ఒకటిన్నర డిగ్రీ దూరం జరుగుతాడు. కొన్ని సాయంత్రాలు కనిపించడానికీ, కనిపించకపోవడానికీ తేడా ఆ ఒకటిన్నర డిగ్రీయే. సూర్యచంద్రుల మధ్య ఎడం సుమారు ఏడు డిగ్రీల లోపు ఉంటే నెలవంక కంటికి కనిపించడం సాధ్యం కాదని ఖగోళజ్ఞులు చెబుతారు.

విశాఖలో మరో ప్రత్యేకత ఉంది. బీచ్ రోడ్డు మీద నిలబడితే విశాలమైన సముద్రం కనిపిస్తుంది, కాని అది తూర్పు. నెలవంక కనిపించవలసినది పడమట. అటువైపు ఊరి కట్టడాలు, కొండలు, ఫ్యాక్టరీల పొగమంచు. సన్నని నెలవంక నేలకు నాలుగైదు డిగ్రీల ఎత్తులో ఉంటే కొండ చాటున దాగిపోవడం ఖాయం. కనుక ఇరవై తొమ్మిదో సాయంత్రం చూడదలచినవారు ఎత్తయిన చోటును ఎంచుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లో ముందే చూసుకుంటే చంద్రుడు సూర్యునికి కుడివైపా, ఎడమవైపా, ఎంత ఎత్తున, ఎన్ని నిమిషాలు ఉంటాడో తెలుస్తుంది. ఈ పనికే ప్రత్యేకంగా డాక్టర్ మొంజూర్ అహ్మద్ మూన్‌కాల్క్‌ను, జోర్డాన్‌కు చెందిన ముహమ్మద్ ఔదా అక్యురేట్ టైమ్స్‌ను తయారు చేశారు.

లెక్క సాక్ష్యానికి బదులా? ఈ ప్రశ్నపై ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. తీర్పు చెప్పవలసింది రుయతె హిలాల్ కమిటీలే గాని పత్రికలు కావు. కాని ఒక విషయంలో లెక్క అందరికీ ఉపకరిస్తుంది. సూర్యునికంటే ముందే చంద్రుడు అస్తమించిన సాయంత్రం ఎవరైనా నెలవంకను చూశామంటే, వారు విమానం వెలుగునో, మేఘపు అంచునో చూసి ఉంటారు. వారు అబద్ధమాడారని కాదు, కన్ను పొరబడిందని. అలా తెలిసినప్పుడు మనస్పర్థలు తగ్గుతాయి.

ఎర్ర గులాబీ కథ

ఈ సాధనాలతో ఒక ప్రమాదం కూడా ఉంది. తెర మీద కనిపించినదంతా కెమెరా తీసిన ఫోటో అని నమ్మడం. హబుల్ టెలిస్కోపు 1994లో తీసిన పిల్లి కన్ను నెబ్యులా చిత్రం మన ఇళ్లలో చాలాకాలం తిరిగింది. ఎర్ర గులాబీలా ఉన్న ఆ బొమ్మ, సూరా రహ్మాన్‌లో వచ్చే ఆకాశం చీలిపోయే ప్రస్తావనకు రుజువు అని రాసి పంచుకున్నారు. నిజమేమిటంటే అది సుమారు మూడు వేల కాంతి సంవత్సరాల దూరాన అంతిమ దశలో ఉన్న ఒక నక్షత్రం వదిలిన వాయువు. మూడు రకాల వాయువుల కాంతికి శాస్త్రజ్ఞులు తమ సౌకర్యం కోసం ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు కేటాయించారు. వేరే రంగులు ఇస్తే అది గులాబీ కాదు. ఆ ఆయతు ప్రళయ దినానికి సంబంధించినదని ముఫస్సిర్లు చెప్పారు. దివ్య ఖుర్ఆన్‌కు మనిషి వేసిన రంగుల సాక్ష్యం అవసరం లేదు. రేపు ఆ రంగు తప్పని తెలిసిన పిల్లవాని మనసులో కలిగే సందేహానికి బాధ్యులెవరు?

లెక్కకూ సనదు

పదో తరగతి చదివే ఒక అమ్మాయి తెర మీద నక్షత్రాల మధ్య విహరిస్తూ, “మౌల్వీసాబ్, వీళ్లు చెప్పే దూరాలు నిజమని మనకెలా తెలుసు?” అని అడిగింది. ఎంతో విలువైన ప్రశ్న. హదీసు చదివేవారు మొదట అడిగేది సనదు గురించి. ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు, ఆయన ఎంత నమ్మదగినవాడు అని. నక్షత్రాల జాబితాలో కూడా ప్రతి దూరం పక్కన మరో అంకె ఉంటుంది. ఈ కొలత ఇంత మేర తప్పు కావచ్చు అని కొలిచినవారే ఒప్పుకునే అంకె అది. దగ్గరి నక్షత్రాలకు ఆ తప్పు అతి స్వల్పం. దూరపు వాటికి ఎక్కువ. ఆర్ద్రా నక్షత్రం ఎంత దూరంలో ఉందంటే నేటికీ 500 నుంచి 700 కాంతి సంవత్సరాల దాకా వేర్వేరు లెక్కలున్నాయి. కాని తెర మీద అది ఒకే చోట స్థిరంగా వెలుగుతుంది. బొమ్మ తన సందేహాన్ని దాచుకుంటుంది, పట్టిక దాచుకోదు. అందుకే బొమ్మ చూసిన తరువాత దాని వెనుకనున్న పట్టికను కూడా తెరిచి చూడడం పిల్లలకు అలవాటు చేయాలి. ఆ నక్షత్రం మీద నొక్కితే దాని దూరం, జాబితా సంఖ్య వంటి వివరాలు చాలా సాధనాలలో కనిపిస్తాయి.

మరో సంగతి. మన గెలాక్సీలో కనీసం పది వేల కోట్ల నక్షత్రాలున్నాయని అంచనా. గయా లెక్కించినది అందులో ఒకటి రెండు శాతం. తెర మీద గెలాక్సీ మొత్తం తళతళలాడుతూ కనిపిస్తే, అందులో అధిక భాగం కొలిచినది కాదు, ఊహించి గీసినదే అని తెలియాలి. తెలిసినదానికీ, అనుకున్నదానికీ మధ్య గీత గీయడమే ఇల్మ్.

ఇంట్లో ఏం చేయవచ్చు?

ఖర్చేమీ లేదు. ఒక పాత కంప్యూటర్ ఉంటే స్టెల్లేరియం పెట్టుకోవచ్చు. ఫోన్లలో పనిచేసేది కూడా ఉంది. మొదట ఊరి పేరు సరిగా పెట్టండి. ఒకరోజు మగ్రిబ్ తరువాత పిల్లలతో మిద్దె మీదికి వెళ్లి, తెర మీద చూసిన ఒకే ఒక్క నక్షత్రాన్ని నిజమైన ఆకాశంలో వెతకండి. దాని అరబ్బీ పేరు, తెలుగు పేరు రెండూ రాయించండి. స్టెల్లేరియంలో అల్ సూఫీ కాలపు అరబ్బుల నక్షత్ర మండలాలను, భారతీయ మండలాలను మార్చి మార్చి చూసుకునే వీలు కూడా ఉంది. వారానికి ఒక నక్షత్రం చొప్పున ఏడాదికి యాభై దాటతాయి. అల్లాహ్ సృష్టిని తదేకంగా పరిశీలించమన్న ఖుర్ఆన్ ఆదేశాన్ని ఒక కుటుంబం కలిసి పాటించినట్టవుతుంది.

మస్జిదు కమిటీలు, మదర్సాల నిర్వాహకులు ఏడాదికి ఒక్కసారి, మే 28 మధ్యాహ్నం, పిల్లలందరినీ పిలిచి కర్ర నీడతో ఖిబ్లా కొలిపించవచ్చు. రమజాన్‌కు ముందు షాబాన్ ఇరవై తొమ్మిదిన పడమటి ఆకాశాన్ని చూసే చోటు ఏదో యువకుల చేత వెతికించవచ్చు. మగపిల్లలకే కాక ఆడపిల్లలకూ ఆ అవకాశం ఇవ్వాలి. డాబాగార్డెన్స్‌లో ఒక జమీందారు, ఫిసల్‌బండలో ఒక నవాబు సొంత డబ్బు పోసి కొన్న జ్ఞానం నేడు మన అరచేతిలోకి ఉచితంగా వచ్చింది. రాత్రి రెండు గంటల దాకా ఫోను చూసే పిల్లవానిని కోప్పడడం సులువు. అదే ఫోనులో చూడదగినది ఏదో చూపించడానికి ఇషా తరువాత పావుగంట వాని పక్కన కూర్చోవడం కొంచెం కష్టం. ఆ పావుగంటను ఈ శుక్రవారం నుంచే మొదలుపెడదాం. ప్రయోజనకరమైన విద్యను అల్లాహ్ మన పిల్లలకు ప్రసాదించుగాక. ఆమీన్.